నీళ్లు తాగితే పొలమారుతోంది, గురువారం దాకా ఆగవచ్చా?

ముందు ఒక పని చేయండి, మిగతాది తర్వాత చదవండి. జ్వరం బిళ్ల ఏదీ వేయకుండా నాన్నగారికి థర్మామీటరు పెట్టి చూడండి. నోట్లో పుండ్లున్నాయన్నారు కాబట్టి చంకలో పెట్టండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే ఆసుపత్రి లెక్కలో జ్వరమే. చంకలో అసలు వేడికంటే కొంచెం తక్కువ చూపిస్తుంది, అందుకని అక్కడ 99.5 వచ్చినా ఆసుపత్రికి ఫోను చేయమంటాను. ఏమీ రాకపోయినా ఈ రాత్రే ఫోను చేయండి. ఎందుకో కింద చెబుతాను.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారికి 61 ఏళ్లు. బుగ్గ లోపలి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు 30 సిట్టింగుల రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో. 13 సిట్టింగులు అయ్యాయి, మూడో కీమో మంగళవారం ఎక్కింది. ఆసుపత్రి దగ్గర గది తీసుకుని ఉంటున్నారు. నిన్నటి నుంచి నీళ్లు తాగితే పొలమారుతోంది, సాయంత్రం కాస్త చలిగా ఉందని దుప్పటి కప్పుకుంటున్నారు. డాక్టరు గారు వారానికోసారి చూసేది గురువారం, ఈరోజు శనివారం. ‘చెబితే కరెంటు ఆపేస్తారు, ఎవరికీ చెప్పకు’ అని నాన్నగారు అంటున్నారు, కరెంటు అంటే రేడియేషనే. సోమవారం సిట్టింగుకు వెళ్లినప్పుడు చెప్పాలా, గురువారం దాకా ఆగవచ్చా అని మీ ప్రశ్న.

రెండూ కాదు, ఈ రాత్రే. నేను డాక్టరును కాను. రేడియేషన్ విభాగంలో నర్సుగా 22 ఏళ్లు పనిచేస్తున్నాను, ఎక్కువ భాగం నోరు, గొంతు క్యాన్సర్ల వాళ్లతోనే. మందు మార్చమని చెప్పే అధికారం నాకు లేదు. ఎవరికి ఎప్పుడు చెప్పాలో చెప్పగలను, ఎందుకంటే ఆలస్యంగా చెప్పినవాళ్లను ఎత్తుకుని వార్డుకు చేర్చింది మేమే.

కీమో ఎక్కాక తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. అవి బాగా తగ్గిన రోజుల్లో ఒంట్లోకి సూక్ష్మజీవి చేరితే ఎదుర్కొనేవాళ్లు ఉండరు, జ్వరమొక్కటే బయటికి వినిపించే కేక. చీము, వాపు, ఎరుపు లాంటి గుర్తులు పెద్దగా కనబడవు, ఎందుకంటే వాటిని పుట్టించేవీ ఆ కణాలే. ఉదయం కాస్త నలతగా ఉన్న మనిషికి సాయంత్రానికి రక్తపోటు పడిపోవడం నేను చూశాను. నాన్నగారికి చలి పుడుతోంది, పైగా నోటి నొప్పికి పారాసిటమాల్ ఆరు గంటలకొకటి వేస్తున్నామని రాశారు. అలాంటప్పుడు థర్మామీటరు నిజం చెప్పదు. బిళ్ల జ్వరాన్ని అణచిపెడుతుంది, చలీ వణుకూ మాత్రం మిగులుతాయి. అందుకే అంకె రాకపోయినా చలి ఒక్కటే చాలు ఫోను చేయడానికి అంటున్నాను.

ఇక పొలమారడం. మన ఇళ్లలో ఎవరికైనా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ మాడు మీద తడతాం. నోటికీ గొంతుకూ రేడియేషన్ నడుస్తున్న మనిషికి పొలమారితే డాక్టరును తలుచుకోవాలి. గొంతు లోపల వాచి, మింగే కండరాలు బిగిసి, ఆహారనాళంలోకి పోవలసిన నీళ్లు ఊపిరితిత్తుల దారి పడుతున్నాయని అర్థం. ఆ నీళ్లతో నోట్లోని క్రిములూ దిగుతాయి, దాని నుంచి నిమోనియా వస్తుంది. దగ్గు వస్తే ఒక రకంగా మేలే, ఒళ్లు ఎదురు చెబుతోందని తెలుస్తుంది. కొంతమందిలో ఆ దగ్గు కూడా రాదు, నీళ్లు చప్పుడు లేకుండా దిగిపోతాయి. తాగిన తర్వాత గొంతు తడితడిగా, బుడగలు పలికినట్టు మారితే అది ఆ గుర్తే. నాన్నగారి చేత ఒక గుక్క తాగించి ‘ఆ’ అనిపించి చూడండి, మీకే తేడా తెలుస్తుంది. ఫోను చేసి వాళ్లేం చెబుతారో తెలిసేదాకా పలుచని నీళ్లు గ్లాసెత్తి గటగటా తాగనివ్వకండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త ఛాతీ వైపు వంచి, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. దానికీ దగ్గు వస్తే నోటితో ఏమీ ఇవ్వకుండా తీసుకెళ్లండి.

చలి, పొలమారడం, నాలుగు రోజుల క్రితం కీమో. విడివిడిగా చూస్తే ఒక్కొక్కదానికి ఒక్కో సర్దుబాటు చెప్పుకోవచ్చు. మూడూ ఒక మనిషిలో కలిశాయి కాబట్టే ఇది గురువారం దాకా ఆగే విషయం కాదు.

ఇప్పుడు నాన్నగారి భయం. దీన్ని తేలిగ్గా తీసేయకండి, అందులో సగం నిజముంది. మధ్యలో రేడియేషన్ ఆగితే నష్టమే. తల, మెడ భాగాల క్యాన్సర్లలో నాలుగో వారం దాటాక మిగిలిన కణాలు వేగం పెంచుకుని పెరుగుతాయని విదర్స్ అనే రేడియేషన్ డాక్టరు బృందం 1988లోనే చూపించింది. ఆ పరుగును తట్టుకోవడానికి ఆలస్యమైన ప్రతి రోజుకూ సుమారు 0.6 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) అదనంగా కావాలని వాళ్ల లెక్క. నాన్నగారికి రోజుకు పడుతున్నది 2 గ్రే, మొత్తం 60. అంటే మూడు రోజులు ఆగితే దాదాపు ఒక సిట్టింగు వృథా అయినట్టే. ఈ సంగతి డాక్టర్లకు నాన్నగారికంటే బాగా తెలుసు. అందుకే వాళ్లు ఊరికే ఆపరు. తప్పనిసరై ఒకటి రెండు రోజులు పోతే శనివారం పెట్టో, ఒకే రోజు కనీసం ఆరు గంటల ఎడంతో రెండు సిట్టింగులు పెట్టో సర్దుతారు.

చెప్పినందుకు ఆగిన కరెంటు నేను పెద్దగా చూడలేదు. చెప్పనందుకు ఆగింది చాలాసార్లు చూశాను. ఒక పెద్దాయన, పల్నాడు వైపు రైతు, మూడో వారంలో మింగలేకపోయాడు. ‘ఎలా ఉంది బాబాయ్’ అని రోజూ అడిగేదాన్ని. ‘బాగానే ఉన్నానమ్మా’ అనేవాడు. కొడుకు కలిపిచ్చిన జావను గదిలో బేసిన్‌లో పారబోసి, ఖాళీ గ్లాసు చూపించేవాడట. నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ బిళ్లలు కొనుక్కుని రోజుకు రెండు వేసుకున్నాడు. ఆరో రోజు కరెంటు పెట్టేముందు, తల కదలకుండా ముఖానికి వేసే మాస్కు బిగిస్తుంటే టెక్నీషియన్‌కు అనుమానం వచ్చింది. మొదటి రోజు చర్మానికి అతుక్కుపోయిన మాస్కు, ఇప్పుడు గడ్డం పక్కన వేలు దూరేంత వదులైంది. బరువు చూస్తే 58 నుంచి 53కు వచ్చింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని గుర్తు. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు భారమే, నీళ్లు తాగకపోవడం ఇంకో భారం, పైన ఆ బిళ్లలు. కీమో ఆగింది, మళ్లీ స్కాన్ తీసి కొత్త మాస్కు చేసి కొత్త ప్లాను వేయాల్సి వచ్చింది, మొత్తం ఎనిమిది రోజులు పోయాయి. మొదటి రోజే చెప్పి ఉంటే ఒక మార్ఫిన్ చీటీ, ఆహారం ఎక్కించే ముక్కు గొట్టం, రెండు సెలైన్లతో ఒక్క సిట్టింగు కూడా పోకుండా గడిచేది. ఈ సంగతి నాన్నగారికి చదివి వినిపించండి. నా మాట కాకపోయినా తోటి రోగి కథ వింటారు.

నన్నడిగితే ఈ విభాగంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ‘సహజమే’. మేమే నేర్పాం దాన్ని. మొదటి రోజు కూర్చోబెట్టి నోరు ఎండుతుంది సహజమే, రుచి పోతుంది సహజమే, చర్మం నల్లబడుతుంది సహజమే అని చెబుతాం. వాళ్లు ఆ మాట పట్టుకుని వెళ్లి, తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ ఆ సంచిలో వేస్తారు. సహజం అంటే రావడం సహజమని, మందు అక్కర్లేదని కాదు. నోటిపూత రెండో వారం చివర మొదలై ఐదారు వారాలకు ముదురుతుందని మాకు తెలుసు కాబట్టే దానికి మందులు సిద్ధంగా పెట్టుకుంటాం.

కొత్తగా ఏదైనా కనబడితే తేల్చుకోవడానికి నేను అడిగేవి మూడు. ఇది నిన్న లేదా? నిన్నటికంటే పెరిగిందా? నిన్న చేయగలిగిన పనిని ఇవాళ ఆపేసిందా? మింగడం, నిద్ర, మాట, నడక, మూత్రానికి లేవడం, వీటిలో ఏది ఆగినా అదే రోజు చెప్పాలి, నొప్పి ఎంతన్నది తర్వాతి సంగతి. మన పెద్దవాళ్లను నొప్పి ఎంత అని అడిగితే సరైన జవాబు రాదు. పదికి ఎంత అంటే ‘ఉంది లేమ్మా కొంచెం’ అంటారు. నిన్న ఎన్ని గ్లాసుల జావ తాగారు, ఇవాళ ఎన్ని అని అడగండి, దాచలేరు.

నోటిని రోజూ ఒకసారి టార్చి వేసి మీరే చూడండి. ఎర్రగా ఉండడం, అక్కడక్కడ పసుపు తెలుపు కలిసిన పొరలు, జిగురు ఉమ్మి తాళ్లలా సాగడం, ఇవి ఈ వారంలో మేము ఎదురుచూసేవే, గురువారం చెప్పినా పరవాలేదు. పెరుగు తరకల్లా తెల్లని మచ్చలు, దూదితో తుడిస్తే ఊడి వచ్చేవి, దానితో ఒక్కరోజులో మంట రెట్టింపైతే అది పూత ఒక్కటే కాదు, ఫంగస్ చేరింది. దానికి మందు వేరు, వేస్తే రెండు మూడు రోజుల్లో తేలికపడుతుంది. ఇంత తేలిగ్గా తీరేదాన్ని గురువారం దాకా భరించి తిండి మానేసినవాళ్లు ఎందరో. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించడం ఎలాగూ చేయిస్తూ ఉంటారు, మానకండి.

నోట్లోంచి రక్తం సంగతి. ఉమ్మిలో ఎర్రని చారలు పూత వల్ల వస్తాయి, మర్నాడు సిట్టింగుకు ముందు చెబితే సరిపోతుంది. చెంచాడు తాజా రక్తం, గడ్డలు, లేదా ఒకసారి వచ్చి దానంతటదే ఆగిపోయిన ధార అయితే వెంటనే. ఆగిపోయింది కదా అని పడుకోకండి. ఆపరేషన్ అయిన మెడలో ఒక్కోసారి పెద్ద రక్తనాళం తెగబోయే ముందు చిన్న ధార ఒకటి వచ్చి ఆగుతుంది. చాలా అరుదు, కానీ అది వచ్చినప్పుడు రెండో అవకాశం ఉండదు.

శ్వాస విషయంలో మాత్రం మీ ఆసుపత్రికి ఫోను చేస్తూ కూర్చోవద్దు. గాలి లోపలికి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు, గరగరమన్నట్టు శబ్దం వస్తే, పడుకోలేక కూర్చుని ముందుకు వంగి ఊపిరి పీలుస్తుంటే 108కి చేసి దగ్గర్లోని ఏ పెద్ద ఆసుపత్రికైనా వెళ్లండి. మీ ఆసుపత్రికే వెళ్లాలని ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు తిరగకండి.

నీళ్లు, మూత్రం లెక్క రాయండి. రోజంతా కలిపి లీటరు కూడా లోపలికి పోకపోతే, మూత్రం ముదురు రంగులో రెండు మూడుసార్లే వస్తుంటే, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే అదే రోజు చెప్పాలి. ఎనిమిది పది గంటలు మూత్రమే రాకపోతే రాత్రయినా సరే. సిస్‌ప్లాటిన్ తీసుకునేవాళ్లకు ఇది మిగతావాళ్లకంటే ముఖ్యం. దీనికి తోడు తర్వాతి కీమో ఎక్కక ముందే చెప్పాల్సినవి రెండున్నాయి, వీటిని రోగులు క్యాన్సర్‌కు సంబంధం లేదనుకుని వదిలేస్తారు. చెవుల్లో గుయ్‌మని మోత, లేదా పక్కవాళ్ల మాట సరిగా వినబడకపోవడం ఒకటి. వేళ్ల చివర్లలో తిమ్మిరి, చొక్కా గుండీ పెట్టుకోవడానికి తడబడడం ఇంకొకటి. రెండూ సిస్‌ప్లాటిన్ గుర్తులు కావచ్చు. పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు, ముందు చెబితే డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, మందే మార్చవచ్చు. ‘వయసు కదా, చెవుడు వస్తోంది’ అని నవ్వేసిన పెద్దమనిషి ఒకరు ఇప్పుడు మనుమరాలితో ఫోనులో మాట్లాడలేరు.

చర్మం గురించి అందరూ ఎక్కువ కంగారు పడతారు, నేను తక్కువ పడతాను. మెడ నల్లబడి పొట్టు లేస్తే మామూలే. చర్మం ఊడి తడి ఊరితే, వాసన వస్తే, అక్కడే వేడిగా వాచితే చెప్పండి. పసుపు ముద్ద, కొబ్బరి నూనె, పౌడరు, షాపులో దొరికిన పూతమందు, ఏదీ మీ అంతట మీరు రాయకండి. మెడ మీద షేవింగ్ బ్లేడు వద్దు.

ఆసుపత్రిలో ఎవరికి చెప్పాలన్న చోట చాలామంది తికమక పడతారు. గురువారం డాక్టరు గారి గది ముందు గుంపు, లోపల ఐదు నిమిషాలు, నాన్నగారు కూర్చోగానే బాగానే ఉందంటారు. కానీ వారానికి ఐదు రోజులు మిషను దగ్గర టెక్నీషియన్లు ఉంటారు. మీకు తెలిసినదానికంటే వాళ్లకు ఎక్కువ తెలుస్తుంది, నిన్నటి ముఖం, ఇవాళ్టి ముఖం పక్కపక్కన చూసేది వాళ్లే. వాళ్లతో ఒక్క మాట అంటే డాక్టరునో నర్సునో అక్కడికే పిలుస్తారు. దీనికి టోకెను అక్కర్లేదు, గురువారం కానక్కర్లేదు. సోమవారం నాన్నగారికి కరెంటు పెడతారనుకుంటే, బల్ల ఎక్కక ముందే పొలమారుతోందని వాళ్లకు తప్పకుండా చెప్పాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తల నుంచి భుజాల దాకా మాస్కు బల్లకు బిగిస్తారు. ఆ స్థితిలో ఉమ్మి గొంతుకు అడ్డం పడి దగ్గు వస్తే లేవలేరు. గదిలో కెమెరా ఉంటుంది, చెయ్యి ఎత్తితే బయట ఆపి లోపలికి వస్తారు. ఈ సంగతి తెలియక ఊపిరి బిగపట్టి భరించేవాళ్లున్నారు.

రాత్రిపూట, ఆదివారాల్లో ఫోను చేసేటప్పుడు ఎత్తేది డ్యూటీ డాక్టరు. ఆయన నాన్నగారిని ఎప్పుడూ చూసి ఉండడు. ‘నాన్నకు బాగా లేదు సార్’ అంటే పొద్దున తీసుకురండి అంటాడు, ఆయన తప్పు కాదు. ఇలా చెప్పండి: ‘61 ఏళ్లు, బుగ్గ క్యాన్సర్, రేడియేషన్ 30లో 13 అయ్యాయి, సిస్‌ప్లాటిన్ మంగళవారం ఎక్కింది. నిన్నటి నుంచి నీళ్లు తాగితే పొలమారుతోంది, సాయంత్రం చలి వణుకు, పారాసిటమాల్ ఫలానా గంటకు వేశాం, థర్మామీటరులో ఇంత ఉంది, పగలంతా ఇన్ని గ్లాసులే తాగారు.’ అరనిమిషం పట్టదు. ఇది విన్న ఏ డాక్టరూ పొద్దున రమ్మనడు. అన్నా, చలి తగ్గకపోతే మీరు బయల్దేరండి. ఫైలు, చివరి రక్తపరీక్ష కాగితం, వేస్తున్న బిళ్లల అట్టలు సంచిలో పెట్టుకోండి. మందుల పేర్లు గుర్తుండవు, అట్టలు చూపించడమే మేలు. ఊళ్లో ఎవరో ఇచ్చిన ఆకుమందు, చూర్ణం ఏదైనా వాడుతుంటే అది కూడా సంచిలో వేయండి. తిడతారని దాచకండి. ఒకవేళ తిట్టినా మూత్రపిండాలు నిలుస్తాయి.

చెప్పడం వల్ల నిజంగా ఒరిగేదేమైనా ఉందా అని అడిగేవాళ్లుంటారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో ఈథన్ బాష్ బృందం 766 మందిని రెండు గుంపులు చేసి చూసింది. ఒక గుంపు తమ బాధలను కంప్యూటర్‌లో నమోదు చేస్తూ వచ్చింది, ముదిరినప్పుడు నర్సుకు సమాచారం అందేది. రెండో గుంపు మామూలుగా, డాక్టరును కలిసినప్పుడే చెప్పింది. 2017లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుంపు మధ్యస్థ ఆయుష్షు 31.2 నెలలు, రెండో గుంపుది 26. వాళ్లు వ్యాధి ఒళ్లంతా పాకి కీమో తీసుకుంటున్నవాళ్లు, నాన్నగారి పరిస్థితి వేరు, కాబట్టి ఆ నెలల లెక్క ఇక్కడ పనికిరాదు. కానీ అక్కడ కొత్త మందేదీ లేదు, బాధ ముదిరిన కబురు నర్సుకు త్వరగా చేరింది, అంతే.

మీకు కంప్యూటర్ అక్కర్లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది, అంగిలి క్యాన్సర్. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డచుట్ట అలవాటు చిన్నప్పటి నుంచీ. చదువు రాదు. గదిలో గోడకు తగిలించిన, పాల లెక్కకు వాడే క్యాలెండరు గడుల్లో బొగ్గుతో గీతలు పెట్టేది. ఒక గ్లాసు జావ పూర్తిగా తాగితే నిండు సున్నా, సగమైతే సగం సున్నా. వాంతి అయితే అడ్డగీత. రాత్రి నిద్ర పట్టకపోతే చుక్క. గురువారం ఆ కాగితం చుట్టి చేతిలో పట్టుకొచ్చేది. డాక్టరు గారు ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, నిండు సున్నాలు ఏ రోజు నుంచి సగం సున్నాలయ్యాయో చూసి మందు రాసేవారు. 33 సిట్టింగులూ ఒక్క రోజు తప్పకుండా పూర్తి చేసింది. నా 22 ఏళ్లలో అంత చక్కని కేసు షీటు చూడలేదు.

వేరే చోట రేడియేషన్ తీసుకుంటున్నవాళ్లూ ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. పొత్తికడుపుకు పెడుతుంటే విరేచనాలు రావచ్చు, కానీ మామూలుకంటే నాలుగైదు సార్లు పెరిగినా, రక్తం పడినా, నీళ్లు నిలవకపోయినా అదే రోజు చెప్పాలి. మూత్రం బిగిసి రాకపోతే వెంటనే. వెన్నెముకకు పెడుతున్న మనిషికి కాళ్లలో బలం తగ్గడం, నడుము కింద తిమ్మిరి, మలమూత్రాల మీద అదుపు పోవడం ఏ గంటకు మొదలైతే ఆ గంటకే ఆసుపత్రి. మెదడుకు పెడుతున్నవాళ్లు ఫిట్సు, మగత, తలనొప్పితో వాంతులు చూడాలి, స్టెరాయిడ్ బిళ్లలు అయిపోయాయని హఠాత్తుగా మానకూడదు. రొమ్ముకో ఛాతీకో పెట్టించుకున్నవాళ్లకు అంతా అయిపోయిన నెల నుంచి ఆరు నెలల లోపు పొడిదగ్గు, ఆయాసం వస్తే ఊళ్లో డాక్టరుకు రేడియేషన్ సంగతి ముందుగా చెప్పాలి. చెప్పకపోతే దగ్గు మందులు, టీబీ పరీక్షల చుట్టూ నెల గడిచిపోతుంది.

నాన్నగారికి కూడా చివరి సిట్టింగుతో పని అయిపోదు. నోరు, చర్మం ఆ తర్వాత పది పదిహేను రోజులు ఇంకా ముదురుతాయి, ఆ సమయంలో ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, అడిగేవాళ్లుండరు. అందుకని చివరి రోజున ఫోను నంబరు రాయించుకోండి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టేవి రెండు వేళ్లకు తగ్గితే దవడ బిగుస్తోందని, వ్యాయామాలు వెంటనే మొదలుపెట్టాలని అర్థం. పన్ను కదిలినా, నొప్పెట్టినా ఊళ్లో పీకించకండి, ఎన్నేళ్లయినా సరే. రేడియేషన్ తగిలిన దవడ ఎముక అంత తేలిగ్గా మానదు. కొన్ని నెలలకు మెడ వంచితే వెన్నులోంచి కరెంటు షాక్ లాంటిది జిల్లుమనవచ్చు. చాలామందిలో అదే పోతుంది, అయినా చెప్పండి.

ఈ రాత్రి నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ‘చెబితే ఆపరు, చెప్పకపోతేనే ఆగుతుంది’ అని ఒక్కసారి చెప్పి ఫోను తీయండి. ఆయన కోపం రెండు రోజులే ఉంటుంది.

ఇంకొకటి మర్చిపోయాను. ఆయన్ని చేర్చుకోకుండా మందులిచ్చి పంపేస్తే, సోమవారం మాస్కు బిగించాక ఎలా ఉందో అడగండి. ‘మొదట్లో నొక్కేసేది, ఇప్పుడు హాయిగా ఉంది’ అని సంతోషంగా చెబితే, ఆ మాట కూడా వెళ్లి టెక్నీషియన్‌కు చెప్పండి.